కార్ల్స్‌రూ నుంచి ఉత్తరం: ర్యాంకులు కాదు, వర్క్‌షాపు చూడరా మామా

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం చదివాను. జర్మనీలో ఏ యూనివర్సిటీ ర్యాంకు ఎంత, ఏది మంచిది అని పేజీ నిండా అడిగావు. ఆఖర్లో మాత్రం చిన్నగా ఒక ముక్క రాశావు చూడు, "బాలానగర్‌లో సీఎన్‌సీ మెషీన్ల మధ్య ఇన్నేళ్లు గడిపినవాణ్ని, నన్ను రీసెర్చికి ఎవరు తీసుకుంటార్రా" అని, నా మనసు అక్కడే ఆగిపోయింది. ర్యాంకుల సంగతి తర్వాత. ముందు ఆ మాటకే జవాబు రాస్తాను. పొడుగవుతుంది, టీ పెట్టుకుని కూర్చో.

కార్ల్స్‌రూ యూనివర్సిటీలో నేనుండే ఇన్‌స్టిట్యూట్‌లో కింది అంతస్తు మొత్తం వర్క్‌షాపే. లేత్‌లు, మిల్లింగ్ మెషీన్లు, ఆర్గాన్ వెల్డింగ్‌కి విడిగా ఒక గది. నా రియాక్టర్‌కి, అంటే ప్రయోగంలో రసాయన చర్య జరిగే పాత్రకి, ఒక ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే అంచు) కావాల్సి వచ్చి డ్రాయింగ్ పట్టుకెళ్లాను. అక్కడి మైస్టర్ నుదుటి మీది కళ్లజోడు దించి, పెన్సిల్ మొనతో ఒక్కో కొలతనీ తాకుతూ పోయాడు. ఒక చోట ఆగి, "ఇక్కడ కూర్చునేది రాగి గాస్కెట్ కదా, లోపలుండేది హైడ్రోజన్ కదా?" అన్నాడు. గాస్కెట్ అంటే గ్యాస్ కారకుండా మధ్యలో పెట్టే రింగు. అవునన్నాను. "అయితే మెషీన్ కోసినప్పుడు పడే టూల్ మార్కు గుండ్రంగానే పోవాలి. అడ్డంగా ఒక్క గీత పడినా గ్యాస్ దాని వెంటే బయటికి దారి చూసుకుంటుంది" అని ఆ ముఖానికి ఫినిష్ ఎలా ఉండాలో తనే రాసిచ్చాడు. నువ్వు ఆ పక్కనే ఉంటే ఆయన నోరు తెరవకముందే ఈ మాట చెప్పేవాడివి. నాకు నువ్వు గుర్తొచ్చింది అప్పుడే.

ఇక్కడ మైస్టర్ అంటే ఊరికే పిలిచే పిలుపు కాదు, ఆ పనిలో పైపరీక్ష పాసైనవాళ్లకి ఇచ్చే అర్హత. మా ప్రొఫెసర్ కొత్త ప్రయోగం ఏదైనా తలపెడితే ముందు కిందికి దిగొచ్చి ఆయన్ని అడుగుతారు. ఇలా చేస్తే నిలబడుతుందా, ఎన్నాళ్లు పడుతుంది అని. ఆయన "కుదరదు" అంటే డిజైన్ మారుతుంది. మన కాలేజీలో వర్క్‌షాప్ ప్రాక్టికల్ అంటే రికార్డు మీద సంతకం కోసం వెళ్లేవాళ్లం, అక్కడి మెకానిక్ గారిని ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగారా?

ఈ ఊరి చరిత్ర చదివితే ఇది ఇప్పటి అలవాటు కాదని తెలుస్తుంది. మా యూనివర్సిటీ 1825లో పాలిటెక్నిక్‌గా మొదలైంది. భౌతిక శాస్త్రవేత్త హైన్రిచ్ హెర్ట్జ్ 1885లో ఇక్కడికి ప్రొఫెసర్‌గా వచ్చాడు. రేడియో తరంగాలు ఉన్నాయని ఆయన నిరూపించింది ఇక్కడి లెక్చర్ హాల్లోనే. గోడకి పెద్ద జింకు రేకు కట్టి తరంగాల్ని వెనక్కి కొట్టేలా చేశాడు. వాటిని పట్టుకోవడానికి వాడింది ఒక తీగ చుట్ట, దాని కొసల మధ్య మైక్రోమీటర్ స్క్రూతో సర్దే సన్నటి ఖాళీ. చీకట్లో ఆ ఖాళీలో వెలిగే నిప్పురవ్వని వెతుక్కుంటూ కూర్చునేవాడు. నీ చేతిలో రోజూ ఉండే మైక్రోమీటరే రా అది.

ఇక ఇక్కడే పనిచేసిన రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ సంగతి చెప్తే నీకు ఇంకా నచ్చుతుంది. గాలిలోని నైట్రోజన్‌తో అమ్మోనియా తయారు చేయడం 1909లో ఇక్కడే సాధ్యమైంది. పుస్తకాల్లో హేబర్ పేరొక్కటే కనిపిస్తుంది గానీ, సుమారు రెండొందల అట్మాస్ఫియర్ల ఒత్తిడిని తట్టుకునే ఆ పరికరాన్ని నిలబెట్టింది ఆయన సహాయకుడు రాబర్ట్ లె రోసిన్యోల్, మెకానిక్ ఫ్రీడ్రిక్ కిర్హెన్‌బావర్. బీఏఎస్ఎఫ్ అనే రసాయనాల కంపెనీ నుంచి కార్ల్ బాష్, ఆల్విన్ మిట్టాష్ అనే నిపుణులు చూడటానికి వచ్చిన రోజున సరిగ్గా సమయానికి పరికరం మొరాయించింది. బాష్ వెళ్లిపోయాడు, మిట్టాష్ ఉండిపోయాడు. బాగు చేసి జులై 2న మళ్లీ నడిపితే ఐదు గంటల పాటు ఆగకుండా అమ్మోనియా బొట్లు బొట్లుగా పడింది. ఆ మర్నాడు హేబర్ కంపెనీకి ఉత్తరం రాశాడు. మరమ్మతు చేసిన చేతులు లేకపోతే ఆ ఉత్తరమే లేదు.

దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తేవడంలో బాష్‌కి ఎదురైన సమస్య నీ లైన్‌లోదే. వేడికీ ఒత్తిడికీ హైడ్రోజన్ ఉక్కులోకి దూరి అందులోని కార్బన్‌ని లాగేసేది. ఉక్కు పెళుసెక్కి గొట్టాలు పగిలిపోయేవి. ఆయన ఏం చేశాడంటే, లోపల కార్బన్ లేని మెత్తటి ఇనుముతో లైనర్ (లోపలి పొర) వేశాడు, బలం కోసం బయట ఉక్కు తొడుగు ఉంచాడు, ఆ తొడుగుకి సన్నటి బెజ్జాలు పెట్టాడు. లైనర్ దాటొచ్చిన హైడ్రోజన్ ఉక్కుని తినకముందే బెజ్జాల గుండా పోతుంది. ఎంత తేలికైన ఉపాయం! 1913లో జర్మనీలోని ఒప్పావ్‌లో ఫ్యాక్టరీ నడిచింది. మన రామగుండంలో యూరియా కోసం అమ్మోనియా తయారయ్యేది ఇప్పటికీ ఆ పద్ధతి మీదే. మా నాన్న వరి మళ్లలో చల్లే యూరియా వెనక ఇంత కథ ఉందని ఇక్కడికొచ్చేదాకా నాకు తెలియదు. అదే హేబర్ బెర్లిన్ వెళ్లాక 1915లో యుద్ధంలో క్లోరిన్ విషవాయువుని ప్రయోగించే పనికి తనే నాయకత్వం వహించాడు. ఆయన పేరు తలచినప్పుడల్లా రెండూ గుర్తొస్తాయి, ఒకటి చెప్పి ఇంకోటి దాచడం నాకు నచ్చదు.

ఇప్పటి సంగతి ఒకటి చెప్తాను. 2009లో మా యూనివర్సిటీ, ఊరికి ఉత్తరాన ఉన్న జాతీయ పరిశోధనా కేంద్రం కలిసి కిట్ (కార్ల్స్‌రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) అయ్యాయి. ఆ ఉత్తర క్యాంపస్‌లో కాట్రిన్ అనే ప్రయోగం ఉంది. న్యూట్రినో అనే అతి తేలికైన కణం బరువెంతో తేల్చడం దాని పని. ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) విచ్ఛిన్నమైనప్పుడు వచ్చే ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచి, అందులో న్యూట్రినో ఎంత పట్టుకుపోయిందో చూస్తారు. అందుకు 23 మీటర్ల పొడవు, 10 మీటర్ల వ్యాసం, 200 టన్నుల బరువున్న స్టీలు ట్యాంకు కావాల్సొచ్చింది. అది తయారైన డెగెన్‌డోర్ఫ్ ఇక్కడికి 400 కిలోమీటర్ల లోపే. అంత లావు వస్తువు రోడ్డు మీద పట్టదు కదా, అందుకని డాన్యూబ్ నది మీదుగా నల్ల సముద్రానికి, మధ్యధరా, అట్లాంటిక్ చుట్టి, రైన్ నదిలోకి ఎక్కించి, దాదాపు 9 వేల కిలోమీటర్లు తిప్పి తెచ్చారు. 2006 నవంబరులో క్యాంపస్ దగ్గరున్న లియోపోల్డ్స్‌హాఫెన్ ఊరి వీధుల్లో ఇళ్ల గోడలకి రాసుకుంటుందేమో అన్నంత దగ్గరగా వెళ్తుంటే, రథం లాగుతున్నప్పుడు మన ఊరు ఊరంతా బయటికొచ్చినట్టు జనం వచ్చి నిలబడ్డారు. లోపలి గోడ పొడవునా 23 వేలకు పైగా సన్నటి తీగలు బిగించారు. 2025లో వాళ్లు ప్రకటించిన ఫలితం ప్రకారం న్యూట్రినో బరువు 0.45 ఎలక్ట్రాన్ వోల్టు (కణాల బరువుని చెప్పడానికి వాడే కొలమానం) కన్నా తక్కువ, అంటే ఎలక్ట్రాన్ బరువులో పది లక్షల వంతు కూడా లేదు. ఆ ఒక్క అంకె వెనక వెల్డర్లు, వ్యాక్యూమ్ టెక్నీషియన్లు ఎంతమంది ఉన్నారో ఆలోచించు.

అన్నీ బాగున్నాయని రాస్తే నిన్ను మోసం చేసినట్టే. పీహెచ్‌డీ ఇక్కడ చాలావరకు ఉద్యోగం, నెల జీతం, సెలవులు, ఇన్సూరెన్స్ అన్నీ ఉంటాయి. అయితే కాంట్రాక్టు గడువు తీరేదే. 2007లో వచ్చిన చట్టం ప్రకారం డాక్టరేట్‌కి ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు అలా పని చేయించుకోవచ్చు, ఆపైన పర్మనెంట్ ఉద్యోగాలు తక్కువ. దీని మీద 2021లో "ఇష్ బిన్ హన్నా" (నేనే హన్నాని, అంటే ఆ కాంట్రాక్టు పరిశోధకురాల్ని నేనే) అంటూ ఇక్కడి పరిశోధకులు గట్టిగా గొంతెత్తారు. ముప్పై అయిదు దాటినవాళ్లు కూడా వచ్చే ఏడాది ఎక్కడుంటామో తెలియక టెన్షన్ పడటం నేను రోజూ చూస్తున్నాను. ఇంత ఓపికగా పరికరాలు కట్టే దేశం మనుషుల్ని ఇలా ఉంచడం తప్పని నా గట్టి అభిప్రాయం.

ఇది తెలిసే రా. నీకు ఎం.టెక్ ఉంది కాబట్టి నేరుగా పీహెచ్‌డీ పోస్టులకి అప్లై చెయ్యొచ్చు. ఏ గ్రూపు నచ్చినా ముందు వాళ్ల వర్క్‌షాపు ఎలా ఉందో, పరికరాలు సొంతంగా కట్టుకుంటారో కొనుక్కుంటారో చూడు. ప్రొఫెసర్‌కి రాసే మెయిల్‌లో "ఐ యామ్ వెరీ ప్యాషనేట్" లాంటివి పెట్టకు. ఆ టైటానియం జాబ్ ఫిక్స్‌చర్ (ముక్కని మెషీన్లో కదలకుండా పట్టే అమరిక) గురించి ఫోన్లో గంటసేపు చెప్పావే, అది రాయి. సమస్య ఏంటి, ఎలా పట్టావు, ఎంత టాలరెన్స్ వచ్చింది, అంటే కొలత ఎంత తేడాలో నిలిచింది, అంతే. కంపెనీ డ్రాయింగులు మాత్రం పెట్టకు, చేత్తో గీసిన స్కెచ్ చాలు. జర్మన్ ఇప్పుడే మొదలుపెట్టు. ల్యాబ్‌లో ఇంగ్లీషుతో నడుస్తుంది, వర్క్‌షాపులో నడవదు, నీకు అసలు కావాల్సింది అక్కడివాళ్లతో మాట్లాడటం.

మెయిల్ రాశాక ముందు నాకు పంపు, ఆదివారం కూర్చుని చూస్తాను. అత్తయ్యగారి మోకాలి నొప్పి ఎలా ఉందో రాయడం మర్చిపోయావు, అది కూడా రాయి.

నీ
మామ