డోర్నకల్ అయ్యగారికి వందనాలు

డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్‌లో ఆదివారం ఆరాధన అయ్యాక మా నాన్నగారి కోసం ప్రార్థించిన పాస్టరుగారూ, మీకు వందనాలు. పేరు అడిగితే నవ్వి ఊరుకున్నారు. నా ఫోనులో ఇప్పటికీ మీరు ‘డోర్నకల్ అయ్యగారు’.

బిషప్ అజరయ్యగారి కాలంలో కట్టి 1939లో ప్రతిష్ఠించిన ఆ ఆలయాన్ని, దాని గుమ్మటాలను చూసి వెళ్దామనే వచ్చాం. ఆపరేషన్ అంటే నాన్నగారికి లోలోపల బెంగ. మీరు కనిపెట్టారు. తలమీద చెయ్యి పెట్టి గబగబా పంపేయలేదు. పక్కనే బల్లమీద కూర్చుని ముందు మిర్చి తోట సంగతి, ఈసారి ధర సంగతి అడిగారు. ఆ తర్వాతే ప్రార్థన, అదీ చిన్నది. మైకు అదిరేలా చేసే ప్రార్థనలకు విసిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను: పక్కనున్న నాకు సగమే వినబడింది, నాన్నగారికి మాత్రం ప్రతి మాటా అందింది.

ఆపరేషన్ తేదీని మీరు మీ బైబిలు అట్ట లోపల పెన్సిలుతో రాసుకున్నారు. ఆ రోజు తెల్లవారకముందే ఫోను చేసి 121వ కీర్తన చదివారు. ఆస్పత్రి మంచంమీద నాన్నగారు మీతోపాటు గొంతు కలిపారు.

ఇప్పుడు కులాసాగా ఉన్నారు. కోతలు కాగానే మీ ఇంటికి ఒక బుట్టెడు పండుమిరపకాయలు పంపుతారట. కాదనకండి.