డాక్టరు దగ్గర తాతగారి తాగుడు దాచవద్దు

అయ్యా,

ఈటింగ్ డిజార్డర్ల గురించి, అంటే తిండి తీరు గతి తప్పే మానసిక జబ్బుల గురించి, ఆదివారం మీరు ప్రచురించిన వ్యాసం అద్దాన్ని, ఫ్యాషన్‌ను, సెల్‌ఫోన్‌ను తప్పుపట్టి అక్కడితో ఆగిపోయింది. వంశం ఊసు అందులో లేదు.

మా తమ్ముడి కూతురు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తూ మారతహళ్లిలో పీజీలో ఉంటోంది. పగలంతా మజ్జిగతో సరిపెట్టుకొని, అర్ధరాత్రి రెండు బ్రెడ్డు ప్యాకెట్లు ఒక్కసారే తిని, కుళాయి తిప్పి ఆ చప్పుడులో వాంతి చేసుకుంటోందని తోటి అమ్మాయి ఫోన్ చేస్తేగాని మాకు తెలియలేదు. ఆస్పత్రిలో "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా" అని అడిగితే, లేదండీ అన్నాడు మా తమ్ముడు. అది అబద్ధమూ కాదు. అయితే మా నాన్నగారు వడ్ల గాదె వెనుక సీసా దాచుకొని ముప్పై ఏళ్లు తాగిన సంగతి వారు అడగలేదు, మేము చెప్పలేదు. తిండికీ తాగుడుకీ ఏం సంబంధం అనుకున్నాం.

ఉంది. ఆస్ట్రేలియాలో దాదాపు 6,000 మంది కవలలపై జరిగి 2013లో వెలువడిన అధ్యయనం, మద్య వ్యసనానికీ, అదుపు తప్పి తినడం, తిన్నది కక్కేయడం వంటి లక్షణాలకూ కొన్ని జన్యు కారణాలు ఉమ్మడిగా ఉన్నాయని తేల్చింది. 2021లో 'అడిక్షన్ బయాలజీ' పత్రికలో అచ్చయిన పరిశోధనలో అనొరెక్సియాకూ (లావవుతామన్న భయంతో తిండి మానుకునే జబ్బు) మద్య వ్యసనానికీ జన్యు సహసంబంధం, అంటే రెండింటి జన్యు కారణాలు ఎంతవరకు కలుస్తాయన్న కొలత, 0.18గా తేలింది. పూర్తి పోలికకు గుర్తు 1 కనుక ఇది స్వల్పమే. పైగా డిప్రెషన్ తాలూకు జన్యు ప్రభావాన్ని లెక్కలోంచి తీసేస్తే ఆ బంధం నిలవలేదు. అదుపు తప్పి తినడం లేని అనొరెక్సియా విషయంలోనైతే పొగతాగడంతో జన్యు సంబంధం తలకిందులుగా, అంటే ఒకదాని వైపు మొగ్గు ఎక్కువైతే రెండోదాని వైపు తక్కువగా, కనిపించింది. ఆ సమాచారం ఐరోపా మూలాలవారిది, ఆ అంకెలను మనకు అలాగే అతికించకూడదు. తాత తాగాడు కనుక మనవరాలికి జబ్బు రాసిపెట్టి ఉందని బెంగపడనక్కరలేదు.

అయినా తిండి సమస్యతో వచ్చినవారిని తాగుడు గురించి, తాగుడుతో వచ్చినవారిని తిండి గురించి మొదటి రోజే అడగడానికి ఖర్చేమీ కాదు. మనవాళ్లూ, సంబంధాలు తప్పిపోతాయని ఊళ్లో దాచేది డాక్టరు దగ్గర కూడా దాచకూడదు.

మరుసటి నెల నేనే వెళ్లి నాన్నగారి సంగతి చెప్పాను. డాక్టరు రాసుకొని, పిల్ల వైపు తిరిగి, నీకు మద్యం అలవాటుందా అమ్మా అని మెల్లగా అడిగారు. అది నా వంక చూసి, వారాంతాల్లో, అంది.

– ఒక పాఠకురాలు, బెంగళూరు