దేవుని ఆత్మ అల్లాడుచుండెను

ప్రియమైన మిత్రునికి,

ప్రభువు నామమున వందనములు. పాప ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిందనీ, పాలు సరిగా తాగుతున్నదనీ నీ ఉత్తరంలో చదివి మా ఇంటిల్లిపాదీ సంతోషించాము. ఆ ఉత్తరం చివర నీవు అడిగిన ప్రశ్న మాత్రం వారం రోజులుగా నన్ను వదలడం లేదు. ఆకలితోనో జ్వరంతోనో అల్లాడేది మనుషులు కదా, ఆదికాండము 1:2లో "దేవుని ఆత్మ జలములపైన అల్లాడుచుండెను" అని ఎందుకు రాశారని అడిగావు. సండేస్కూలు రోజుల నుండి కంఠస్థంగా చెబుతున్న వాక్యమే అయినా నేనెన్నడూ ఆ మాట దగ్గర ఆగలేదు.

హెబ్రీ మూలంలో అక్కడున్న మాట "మెరహేఫెత్". "రాహఫ్" అనే ధాతువు నుండి వచ్చిన ఈ క్రియ పాత నిబంధన మొత్తం మీద మూడే మూడు చోట్ల కనిపిస్తుంది. ఇంత అరుదైన మాట విషయంలో నిఘంటువు చెప్పేది కొంతే కాబట్టి, ఆ మూడు వచనాలనూ పక్కపక్కన పెట్టుకొని చదివాను.

రెండవది ద్వితీయోపదేశకాండము 32:11. నూట ఇరవై ఏళ్ల మోషే, తాను అడుగు పెట్టబోని దేశం ఎదుట నిలిచి ఇశ్రాయేలీయులకు వినిపించిన పాటలోని వచనమది: "పక్షిరాజు తన గూడు రేపి తన పిల్లలపైని అల్లాడుచు రెక్కలు చాపుకొని" అని సాగుతుంది. మన తెలుగు బైబిలు రెండుచోట్లా అల్లాడు అనే క్రియనే నిలిపింది. ఇంగ్లీషు కింగ్ జేమ్స్ అనువాదంలో వేర్వేరు మాటలు ఉండడం వల్ల, అది చదివేవారికి ఈ చుట్టరికం కనబడదు. మన అనువాదకులకు ఈ విషయంలో నేను మనసారా కృతజ్ఞుణ్ణి.

ఇంకొక సంగతి చూడు. ఆదికాండములో ఈ మాటకు ముందు భూమి "నిరాకారముగాను శూన్యముగాను" ఉన్నదని చదువుతాము. అందులో మొదటి మాట హెబ్రీలో "తోహు". మోషే పాటలో పక్షిరాజుకు సరిగ్గా ముందటి వచనంలో, దేవుడు తన ప్రజలను కనుగొన్న ఎడారిని వర్ణిస్తూ అదే "తోహు" మళ్లీ వస్తుంది. ఆదికాండము మొదలు ద్వితీయోపదేశకాండము వరకున్న ధర్మశాస్త్ర గ్రంథాలు ఐదింటిలోనూ రాహఫ్, తోహు అనే ఈ రెండు మాటలూ ఆ మొదటి పుటలోనూ ఈ చివరి పాటలోనూ తప్ప మరెక్కడా లేవు. పాడుపడిన చోటు మీద, ఇంకా రూపం రాని దాని మీద, ఆయన రెక్కలు ఆడుతున్నాయని మోషే సృష్టి కథనే మళ్లీ చెబుతున్నాడని నాకు గట్టిగా అనిపిస్తున్నది.

ఆ రెక్కలు ఏం చేస్తున్నాయన్నది పూర్వీకులు ఎంతో ఆలోచించిన విషయం. నాలుగవ శతాబ్దంలో కైసరయ బిషప్పు బాసిల్, ఒక సిరియా పండితుని మాటను ఆధారం చేసుకొని, పక్షి గుడ్లను పొదిగినట్లు ఆత్మ నీళ్లకు వెచ్చదనమిచ్చి జీవానికి సిద్ధం చేసిందని బోధించాడు. అందమైన భావమే గాని, మోషే పాటలో ఉన్నవి గుడ్లు కావు, పిల్లలు. అందుచేత నాకు యూదు గురువుల వివరణే ఎక్కువ నచ్చింది. పావురం తన పిల్లల మీద ఆడుతూ వాటిని తాకకుండా ఉన్నట్లు అని యూదుల ప్రాచీన బోధల సంకలనమైన తల్ముదులో బెన్ జోమా అనే గురువు అంటాడు. పదకొండవ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ, పక్షిరాజు తన బరువు పిల్లల మీద మోపదనీ, తాకీ తాకనట్లు వాటిపై ఆడుతుందనీ రాశాడు. 1928లో సిరియా తీరాన బయటపడిన ప్రాచీన ఉగరిత్ నగరపు మట్టిపలకల్లో ఇదే ధాతువు, ఒక హత్యకు ముందు ఆకాశంలో తిరుగాడే గద్దల గురించి వస్తుంది. అంటే ఆ మాటలో కరుణ తనంత తానుగా లేదు. కింద ఉన్నది ఎర కాదు, పిల్లలు కావడం వల్లనే అది పుట్టింది.

ఇక మూడవది యిర్మీయా 23:9. అక్కడ పక్షి లేదు. అబద్ధ ప్రవక్తలను చూసి గుండె పగిలిన ప్రవక్త "నా యెముకలన్నియు కదలుచున్నవి" అంటాడు. ఆ కదలిక కూడా రాహఫే. ఇక్కడికి వచ్చేసరికి నీ ప్రశ్న నాకు వేరుగా వినిపించింది. రెక్కలు అల్లార్చడమూ, బాధతో అల్లాడిపోవడమూ తెలుగులో పక్కపక్కనే ఉన్నాయి. హెబ్రీలోనూ రెక్కల కదలికకూ ఎముకల వణుకుకూ ఒకే ధాతువు. ఆదికాండములోని ఆత్మ బాధపడుతున్నదని నేను చెప్పడం లేదు, వచనం ఆ మాట అనడం లేదు. అయినా ఆ నీళ్లపై ఉన్నది కదలక మెదలక చూసే చూపు కాదు, తల్లిపక్షికి ఉండే ఆత్రం అని తెలుగువాడికి వివరించి చెప్పనక్కరలేదు.

నెలలు నిండని పాప ఇంక్యుబేటరులో ఉన్న రోజుల్లో, నీవు దాని పక్కన నిలబడి, చేయి గాజుకు ఆనించకుండా అంగుళం ఎత్తున అలా పట్టుకొని ఉండడం నేను చూశాను. రాషీ మాట చదివినప్పుడు నాకు ఆ చేయే గుర్తుకొచ్చింది.

పాపను మందిరంలో ప్రతిష్ఠించే తేదీ ఖాయం కాగానే రాయి. మేమిద్దరం ముందురోజే బయలుదేరి వస్తాము. ఆ రోజు వాక్యం చదివే పని నాకు అప్పగిస్తే మోషే పాటలోని ఆ రెండు వచనాలే చదువుతాను.

నీ మిత్రుడు