ఫైళ్లు పంపే మీ సాఫ్ట్‌వేర్‌లో ఇంకా ఆ పాత లైబ్రరీయేనా?

కస్టమర్ సపోర్ట్ వారికి,

మాది పర్లాకిమిడిలో స్కానింగ్ సెంటర్. ఇక్కడ తీసిన సీటీ స్కాన్ ఫైళ్లను మీ సాఫ్ట్‌వేర్‌తోనే విశాఖపట్నంలో ఉన్న డాక్టరు గారికి పంపిస్తాం, ఆయన చూసి రిపోర్టు రాసేదాకా గుమ్మ కొండల నుంచి వచ్చినవాళ్లు మా బెంచీల మీదే కూర్చుని ఉంటారు.

ఫైళ్లు పంపడానికి మీ సాఫ్ట్‌వేర్ వాడుకునేది లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్2 అనే లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్. మీ ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో దాని డీఎల్‌ఎల్ ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూస్తే వెర్షన్ 1.8.0 అని ఉంది. అది 2016 నాటిది. అందులో తొమ్మిది లోపాలున్నాయని 2019 మార్చిలో దాన్ని తయారుచేసినవాళ్లే బయటపెట్టి, 1.8.1లో సరిచేసి ఉచితంగా ఇచ్చారు. వాళ్లనేమీ అనడానికి లేదు. ఏటా రెన్యువల్ డబ్బు తీసుకుంటూ దాన్ని మార్చనిది మీరే.

ఫోన్ చేస్తే "ఎన్‌క్రిప్షన్ ఉందండీ, టెన్షన్ పడకండి" అన్నారు. ఇది దారిలో ఎవరో ఫైలు చదివేసే సమస్య కాదండీ. సర్వర్ పంపే ప్యాకెట్‌లో ముందు దాని పొడవు వస్తుంది, పాత లైబ్రరీ ఆ అంకె మరీ పెద్దదా అని చూడకుండా నమ్మేస్తుంది. ఆ అంకెకు ఇచ్చిన చోటు 32 బిట్లు, అందులో 429 కోట్ల చిల్లర దాకానే పడుతుంది. దానికి దగ్గరగా ఉన్న అంకె వచ్చి, ఇంకొన్ని బైట్లు కలిస్తే ఆ చోట్లో పట్టక మళ్లీ సున్నా దగ్గర మొదలై చిన్న అంకె అయిపోతుంది, మెమరీలో చోటు కూడా అంత చిన్నదే కేటాయిస్తుంది, ఇక వచ్చే డేటా సోలెడు డబ్బాలో కుంచెడు ధాన్యం పోసినట్టు పక్క మెమరీ మీద పడుతుంది. అవతలి సర్వర్ దుర్మార్గుల చేతిలో పడితే, కనెక్ట్ అయిన పాపానికి మా కంప్యూటర్‌లో వాళ్ల ప్రోగ్రామ్ నడిచే ప్రమాదం ఉంది. రోగుల పేర్లు, వయసు, జబ్బులు అన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. మమ్మల్ని నమ్మి ఇచ్చిన వివరాలవి.

ఆ లైబ్రరీ తాజా వెర్షన్ పెట్టి మీ సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్ ఇవ్వండి. మీ కస్టమర్లందరికీ ఈ సంగతి రాతపూర్వకంగా చెప్పండి, ఫోన్లో సర్దిచెప్పడం చాలదు. మీ సాఫ్ట్‌వేర్‌లో ఇంకా ఏయే లైబ్రరీలు ఏ వెర్షన్లో ఉన్నాయో కూడా మాకు తెలియాలి.

అందాకా మేం మీ సాఫ్ట్‌వేర్‌ను తెరవం. స్కాన్లు సీడీల్లో వేసి, పాతపట్నం మీదుగా మనిషిని పంపిస్తున్నాం, ఆలస్యమంతా రోగుల మీద పడుతోంది. అప్‌డేట్ ఏ తేదీకి ఇస్తారో చెప్పండి.

ఇట్లు,
మీ సాఫ్ట్‌వేర్ కొన్న స్కానింగ్ సెంటర్, పర్లాకిమిడి, గజపతి జిల్లా