గుండెపోటు తర్వాత మా గతేంటి సార్? కలెక్టర్ గారికో లేఖ

శ్రీకాకుళం కలెక్టర్ గారికి నమస్కారం. మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. ఐదు నెలల కిందట గుండెపోటొస్తే వైజాగ్‌లో స్టెంట్ (గుండె రక్తనాళం మూసుకుపోకుండా తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేసి నాలుగో రోజు ఇంటికి పంపేశారు. మందుల చీటీ ఇచ్చారు గానీ ఎంత నడవాలో, జీడితోట పనికి ఎప్పుడెళ్లాలో ఎవరూ చెప్పలేదు, రాత్రి గ్యాస్‌కి ఛాతీ పట్టేసినా మళ్లీ అదేనేమోనని లేచి కూర్చుంటాను, మా ఆవిడైతే నాకు ఊపిరాడుతుందో లేదో చూస్తూనే ఉంటాది. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు రెండూ మామూలుగా 12 నెలల దాకా వాడాలి, డాక్టర్‌ని అడక్కుండా ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టొచ్చు, మా పక్కింటాయన బాగానే ఉంది కదాని రెండో నెలకే మానేశాడు (చెప్తే వినడు, అది వేరే గోల). కార్డియాక్ రీహాబ్ అని ఉంటాదంట, దగ్గరుండి మెల్లమెల్లగా ఎక్సర్‌సైజ్ చేయించి, తిండి గురించి, ఈ భయం గురించి కూడా మాట్లాడతారంట. దానికోసం వైజాగ్ దాకా వంద కిలోమీటర్ల పైన బస్సులో ఎన్నిసార్లు పోగలం సార్? వారానికో రోజు మా దగ్గర్లోని సర్కారు ఆస్పత్రిలోనే పెట్టించండి.