కథ కోసం ఓటు మార్చకూడదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా అధ్యక్షుల జీవితాల మీద వచ్చిన సినిమాల గురించి మీ ఆదివారం సంచికలో వేసిన వ్యాసం చదివాను. ఎవరు ఎలా నటించారు, ఎవరికి ఆస్కార్ వచ్చింది, ఏది ఏ ఓటీటీలో దొరుకుతుంది, ఇవన్నీ చక్కగా రాశారు. వాటిలో నిజంగా జరిగింది ఏది, సినిమా కోసం అల్లింది ఏది అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఏళ్ల తరబడి చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి ఆ లోటు నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది.

మీ వ్యాసం అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకున్న ‘లింకన్’ సంగతే తీసుకుంటాను. 2012లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన ఈ సినిమాలో డేనియల్ డే లూయిస్ నటన అద్భుతం, అందులో రెండో మాట లేదు. బానిసత్వాన్ని రద్దు చేసే 13వ రాజ్యాంగ సవరణను అక్కడి పార్లమెంటు దిగువ సభ అయిన ప్రతినిధుల సభలో గెలిపించుకోవడానికి లింకన్ పడిన పాట్లే కథ. చివర్లో ఓటింగ్ జరుగుతుంటే కనెటికట్ రాష్ట్ర సభ్యులు ఇద్దరు సవరణకు వ్యతిరేకంగా ఓటేస్తారు. అసలు జరిగింది అది కాదు. 1865 జనవరి 31న కనెటికట్ సభ్యులు నలుగురూ అనుకూలంగానే ఓటేశారు.

ఈ తప్పును పట్టుకున్నది అదే రాష్ట్రం నుంచి ఎన్నికైన ప్రతినిధుల సభ సభ్యుడు జో కోర్ట్నీ. డీవీడీ వచ్చేలోగా సరిదిద్దండని 2013 ఫిబ్రవరిలో స్పీల్‌బర్గ్‌కు లేఖ రాశారు. స్క్రీన్‌ప్లే రాసిన టోనీ కుష్నర్ బహిరంగంగానే జవాబిచ్చారు. ఓట్లు మార్చిన మాట నిజమేనన్నారు. సవరణ ఎంత తక్కువ తేడాతో గట్టెక్కిందో ప్రేక్షకులకు తెలియాలనే అలా చేశామని, ఆ ఇద్దరికీ అసలు సభ్యుల పేర్లు పెట్టలేదని చెప్పారు.

నాకు ఆ జవాబు సబబుగా తోచలేదు. నిజమైన లెక్కలోనే కావలసినంత టెన్షన్ ఉంది. అనుకూలంగా 119, వ్యతిరేకంగా 56. గెలవాలంటే ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది కావాలి. ఇంకో ముగ్గురు అటు మొగ్గి ఉంటే సవరణ వీగిపోయేది! ఇంత ఉత్కంఠ రికార్డులోనే ఉండగా, బానిసత్వం మీద సాగిన అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం తరఫున వేలమందిని పోగొట్టుకున్న రాష్ట్రానికి లేని మచ్చ అంటగట్టడం ఎందుకు? పైగా అదే నెలలో ఈ సినిమా డీవీడీలను అమెరికాలోని మిడిల్ స్కూళ్లు, హైస్కూళ్లన్నిటికీ ఉచితంగా పంపుతామని ప్రకటించారు. బడికి వెళ్లిన సినిమా పాఠమైపోతుంది. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు చదువుకునేదీ ఆ బడుల్లోనే.

సినిమాలో ఏదీ కల్పించకూడదని నా వాదన కాదు. తలుపులు వేసుకుని లింకన్, ఆయన భార్య ఏం మాట్లాడుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. అలాంటి చోట రచయిత ఊహించాల్సిందే. పదవి వదిలిన నిక్సన్‌ను టీవీ కోసం డేవిడ్ ఫ్రాస్ట్ చేసిన ఇంటర్వ్యూల మీద తీసిన ‘ఫ్రాస్ట్/నిక్సన్’లో నిక్సన్ రాత్రివేళ తాగి ఫోన్ చేసే సన్నివేశం కూడా కల్పితమే. అది నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు, ఎందుకంటే అసలు ఇంటర్వ్యూలు ఉన్నాయి, ఎవరైనా పోల్చి చూసుకోవచ్చు. కానీ సభలో పడిన ఓటు, కోర్టు ఇచ్చిన తీర్పు, టేపులో రికార్డయిన మాట వేరు. వాటిని మార్చే హక్కు ఎంత గొప్ప దర్శకుడికైనా లేదని గట్టిగా నమ్ముతాను.

‘సెల్మా’ (2014) మీద వచ్చిన గొడవ ఇలాంటిదే. నల్లజాతివారి ఓటుహక్కు విషయంలో మార్టిన్ లూథర్ కింగ్‌కు అధ్యక్షుడు జాన్సన్ అడ్డుపడ్డట్టు చూపించారని జాన్సన్ దగ్గర పనిచేసిన జోసెఫ్ కాలిఫానో అభ్యంతరం చెప్పారు. 1965 జనవరిలో కింగ్, జాన్సన్ ఫోన్‌లో మాట్లాడుకున్న టేపు ఉంది. ఓటు వేయనివ్వని ఘోరమైన ఉదాహరణ ఒకటి వెతికి దేశమంతటికీ తెలిసేలా చేయండని జాన్సనే కింగ్‌కు చెప్పడం అందులో వినిపిస్తుంది.

అధ్యక్షుడు కెనెడీ హత్య మీద వచ్చిన ‘జేఎఫ్‌కే’ గురించి మాత్రం నా మనసు ఎటూ తేల్చుకోలేదు. 1991లో ఆలివర్ స్టోన్ తీసిన ఆ సినిమాలో పాత వార్తా దృశ్యాల మధ్య నటులతో తీసినవి కలిపేశారు. మామూలు ప్రేక్షకుడికి తేడా తెలియడం కష్టం. కెనెడీ హత్యకేసులో కోర్టులో విచారణ ఎదుర్కొన్న ఒకే ఒక్కడు వ్యాపారి క్లే షా. 1969లో జ్యూరీ గంట కూడా తీసుకోకుండా ఆయన నిర్దోషి అని తేల్చింది. సినిమా ఆ తీర్పును దాచలేదు, కానీ అంతకుముందంతా ఆయన్ను కుట్రదారుడిగానే నిలబెట్టింది. 1974లోనే చనిపోయిన మనిషి ఇక ఏమని సమాధానం చెప్పుకుంటాడు? అయినా ఆ సినిమా రేపిన అలజడి వల్లే 1992లో హత్యకు సంబంధించిన పత్రాలను బయటపెట్టే చట్టం వచ్చింది. ఆ మేలును తక్కువ చేయలేను.

అమెరికా సినిమావాళ్ల ధైర్యాన్ని కూడా ఒప్పుకోవాలి. జార్జ్ డబ్ల్యూ. బుష్ ఇంకా వైట్‌హౌస్‌లో ఉండగానే, 2008 అక్టోబర్‌లో, ఆయన మీద ‘డబ్ల్యూ’ వచ్చింది. ట్రంప్ యువకుడిగా ఉన్ననాటి కథ చెప్పిన ‘ది అప్రెంటిస్’ ఆయన లాయర్లు నోటీసు పంపినా 2024 ఎన్నికలకు ముందే థియేటర్లకు చేరింది. 2019 ఎన్నికల వేళ మన నాయకుల మీదా సినిమాలు వచ్చాయి. వాటిలో నేను చూసినవి పొగడ్తకో తిట్టుకో పరిమితమయ్యాయి. నాయకుడి జీవితకథే తెర మీద నడుస్తున్నా, మొదట్లో పాత్రలన్నీ కల్పితమని ఒక కార్డు వేసి చేతులు దులుపుకోవడం మనకు అలవాటైపోయింది.

నిషేధాలు, కత్తిరింపులు నేను కోరడం లేదు. నిర్మాతలు ఆ కార్డుకు బదులు, ఏయే వాస్తవాలు మార్చారో చివర్లో చదవగలిగినంతసేపు చూపించాలి. మీ పత్రికకు ఒక విన్నపం. నిజమైన నాయకుడి మీద ఏ సినిమా వచ్చినా, అమెరికాదైనా మనదైనా, సమీక్ష పక్కన చరిత్ర తెలిసినవారి చేత చిన్న బాక్స్ ఐటమ్ రాయించండి. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖల్లో అడిగితే రాసిపెట్టేవాళ్లు ఉన్నారు. ఆదివారం వ్యాసానికి కొనసాగింపుగా వచ్చే వారం ‘లింకన్’తోనే మొదలుపెట్టినా బాగుంటుంది.

భవదీయుడు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
తెనాలి