అవతలి యూనివర్సిటీకి అప్లై చేస్తే ద్రోహం ఎలా అవుతుంది?

ఎడిటర్ గారికి నమస్కారం,

పై చదువుల గురించి మీ పేపర్లో ర్యాంకింగులు, ఎంట్రన్సులు, స్కాలర్‌షిప్‌లు అన్నీ వస్తుంటాయి గానీ ఒక్క విషయం ఎవరూ రాయట్లేదు, అందుకే ఈ ఉత్తరం. మనం డిగ్రీ చేసిన యూనివర్సిటీకి ఎప్పుడూ పోటీగా ఇంకోటి ఉంటుంది కదా, మ్యాచుల్లో ఫెస్టుల్లో ర్యాంకుల్లో అన్నిట్లో వాళ్లతోనే గొడవ. పీహెచ్‌డీకి సరిగ్గా అక్కడికే అప్లై చేయాల్సొస్తే ఎలా ఉంటుందో ఈ ఏడాది నాకు బాగా తెలిసొచ్చింది.

నేను చదివిన చోటంటే నాకు ప్రాణం. మ్యాచ్ రోజు గొంతు పోయేదాకా అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను, అవతలివాళ్ల మీద కట్టిన స్లోగన్లన్నీ ఇప్పటికీ నోటికొచ్చు. కానీ నేను చేద్దామనుకున్న టాపిక్ మీద మా డిపార్ట్‌మెంట్లో పనిచేసే సార్ ఒక్కరే, ఆయన రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నారు, కొత్తగా స్టూడెంట్లని తీసుకోవట్లేదు. ఒక రోజు నా ప్రాజెక్ట్ రిపోర్ట్ ప్రింట్ తీసి చివరి పేజీ చూసుకుంటే రెఫరెన్సులు పదకొండు ఉన్నాయి, అందులో ఏడు అవతలి యూనివర్సిటీలో ఒకే ల్యాబ్ నుంచి వచ్చిన పేపర్లు. ఏడాదంతా నేను వాళ్ల పనే చదువుతూ కూర్చున్నానన్నమాట, ఇక ఎక్కడికి అప్లై చేయాలో వేరే ఎవర్నీ అడగక్కర్లేకపోయింది.

ఫ్రెండ్స్ అయితే తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావేంటే అన్నారు, అది ప్రేమతో అన్న మాటే, నేనేం అనుకోలేదు. బాధపెట్టింది ఒక టీచర్ గారు. రికమెండేషన్ లెటర్ అడుగుదామని వెళ్తే ముందు బాగానే మాట్లాడారు, పేరు చెప్పగానే రాస్తున్న పెన్ను పక్కన పెట్టేసి "అక్కడికా అమ్మా?" అన్నారు, అంతే, చూద్దాంలే అని పంపేశారు. తర్వాత మూడు వారాలు ఎన్నిసార్లు గుర్తుచేసినా రేపు, ఎల్లుండి. డెడ్‌లైన్ ముందు రోజు రాత్రి పోర్టల్ ఓపెన్ చేస్తే ఆయన పేరు పక్కన "ఇంకా అందలేదు" అనే ఉంది. ఏడుస్తూ ఇంకో మేడమ్‌కి ఫోన్ చేస్తే ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా అప్పటికప్పుడు కూర్చుని రాసి పంపారు. ఆవిడ రుణం నేను తీర్చుకోలేను.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌ల కంటే పాత పోటీ ఎక్కడుందండీ? అసలు కేంబ్రిడ్జ్ మొదలైందే 1209లో ఆక్స్‌ఫర్డ్‌లో గొడవలు జరిగి అక్కణ్నుంచి వెళ్లిపోయిన పండితులతో. 1829లో మొదలైన వాళ్ల పడవ పందెం కూడా ఇద్దరు స్కూల్ ఫ్రెండ్స్, ఒకరు ఇక్కడా ఒకరు అక్కడా చదువుతూ పెట్టుకున్నదే. స్టీఫెన్ హాకింగ్ డిగ్రీ చేసింది ఆక్స్‌ఫర్డ్‌లో, అక్కడ తన కాలేజీ పడవకి దారి చూపించే కాక్స్‌గా కూడా ఉన్నారు. కానీ ఆయనకి కావాల్సింది కాస్మాలజీ, అంటే విశ్వం గురించిన శాస్త్రం, అప్పట్లో ఆక్స్‌ఫర్డ్‌లో అది చేసేవాళ్లు లేరు, అందుకని 1962లో ఫ్రెడ్ హాయిల్ అనే ప్రొఫెసర్ దగ్గర చేరదామని కేంబ్రిడ్జ్‌కి వెళ్లారు. తీరా వెళ్తే గైడ్‌గా హాయిల్ దొరకలేదు, డెనిస్ షామా అనే ఆయన్ని ఇచ్చారు. మొదట నిరాశపడ్డా ఆ షామా గారే ఎప్పుడు కావాలంటే అప్పుడు కూర్చుని మాట్లాడే గైడ్ అయ్యారు, అది తనకి ఎంతో కలిసొచ్చిందని హాకింగే తర్వాత చెప్పుకున్నారు. 1966లో పీహెచ్‌డీ వచ్చింది. ఆయన్ని ఆక్స్‌ఫర్డ్ ద్రోహి అని ఎవరన్నా అంటారా చెప్పండి.

నేను ఆ ల్యాబ్ చూడ్డానికి కూడా వెళ్లొచ్చాను. వైట్‌బోర్డు మీద ఒక మూల బాక్స్ గీసి "చెరపొద్దు" అని రాసుంది, ఎన్నాళ్ల నుంచో తెలీదు గానీ ఇంకు వెలిసిపోయింది. గైడ్ గారితో మాట్లాడింది పది నిమిషాలే, అక్కడ మూడో ఏడాది చదివే అక్క మాత్రం గంటన్నర కూర్చోబెట్టి అన్నీ చెప్పింది, గైడ్ వారానికోసారి కచ్చితంగా కలుస్తారని, డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్లకి తిరిగిస్తారో, మధ్యలో మానేసినవాళ్లు ఎందుకు మానేశారో, సెలవుల్లో స్టైపెండ్ వస్తుందో రాదో. వెబ్‌సైట్‌లో ఇవేం ఉండవు, కాబట్టి ఎవరెక్కడ చేరాలన్నా ముందు ఆ ల్యాబ్ స్టూడెంట్లతో, వీలైతే గైడ్ లేనప్పుడు మాట్లాడండి.

అందరూ అవతలికే పొండి అని నేను చెప్పట్లేదు. అక్కడ నాకు ఫండింగ్ రెండేళ్లకే రాసిచ్చారు, ఆ తర్వాత గైడ్ ప్రాజెక్టులని బట్టి ఉంటుందట, అది చిన్న విషయమేం కాదు, నాకింకా భయంగానే ఉంది. సరైన గైడ్ మన దగ్గరే ఉంటే ఉండిపోవడమే మేలు. అయితే చదివిన చోటే మళ్లీ చేరితే అవే క్లాసులు, అవే ఆలోచనలు, అందుకే చాలా డిపార్ట్‌మెంట్లు తమ స్టూడెంట్లని పీహెచ్‌డీకి బయటికి వెళ్లమనే చెప్తాయి. అమెరికా ఫిజిక్స్ శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ తను డిగ్రీ చేసిన ఎంఐటీలోనే ఉండిపోతానంటే అక్కడి ప్రొఫెసర్ స్లేటరే ఒప్పుకోకుండా బయటికి పంపారు, ఆయన ప్రిన్స్‌టన్‌కి వెళ్లి 1942లో పీహెచ్‌డీ చేశారు.

టీచర్లకి నాదొకటే రిక్వెస్ట్. ఫలానా చోటికి లెటర్ రాయడం మీకు ఇష్టం లేకపోతే మొదటి రోజే రాయనమ్మా అని చెప్పేయండి సార్, మాకేం కోపం రాదు, ఇంకొకరిని అడుక్కునే టైం మాకు మిగులుతుంది.

ఇట్లు,
ఒక ఫైనలియర్ విద్యార్థిని